కుట్టుబల్ల ఎత్తు

"మళ్లీ మొదలెట్టకు," అన్నాడు రదిసావ్, దెసాంక నోరు తెరవకముందే.

ఆమె కుడిచేతి బొటనవేలు చూపించబోయింది. తోలు బూట్లకు చేతికుట్టు వేయడం ఆమె పని. మైనం పూసిన దారాన్ని వేళ్లకు చుట్టుకుని రోజంతా బిగలాగాలి. ఏళ్ల తరబడి లాగేసరికి ఆ వేలు మడతపడటం మానేసింది.

"ఇంట్లో పచ్చడికని బస్తాల కొద్దీ మిరపకాయలు కాల్చి ఒలుచుకుంటారు. వేళ్లు పోయాయని నా మీద పడతారు," అన్నాడతను.

వ్రాన్యే ఊళ్లో ఆ బూట్ల ఫ్యాక్టరీకి రదిసావ్ మేనేజరు. మెడ నొప్పన్నా, మోచెయ్యి నొప్పన్నా అతను చెప్పే కారణం ఆ మిరపకాయలే. దెసాంక పక్కన కుట్టే వుకోసావ, నడుము పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయిన రోజున, "ఇంటికెళ్లి పడుకో, ఇక రానక్కర్లేదు" అని పంపేశాడు. ఆ రోజు దెసాంక ఏడవలేదు. వీడికి బుద్ధి చెప్పకుండా చావనని మాత్రం అనుకుంది.

ఇంతలో నోటీసు బోర్డు మీద కాగితం పడింది. బూట్లు కొనే ఇటలీ కంపెనీ గురువారం తిహోమిర్ అనే ఆయన్ని పంపుతోంది. పని వల్ల ఒళ్లు ఎంత దెబ్బతింటోందో ఆయన కొలిచి చెబుతాడు. ఆయన కాదంటే ఆర్డరు లేదు.

"గురువారం రానీ ఆయన్ని. నేను నోరు విప్పుతా," అంది దెసాంక, తోటి పనివాళ్లతో కాఫీ తాగుతూ.

ఆ ఊళ్లో ఏ తనిఖీకైనా ముందు లోపలి మనిషి నుంచి ఒక ఫోను వస్తుంది. నువ్వెవరని అడగటం మర్యాద కాదు. రదిసావ్‌కీ వచ్చింది.

"తిహోమిర్ గారి ఆఫీసు నుంచి, రుజిత్సని. మీ మంచి కోరి చెబుతున్నానండీ. వంగి కుట్టే బల్లలంటే ఆయనకి ఒళ్లు మంట. కాస్త ఎత్తు చేయించండి. కుర్చీలకి వెన్ను ఉండాలి. వేళ్లకి తోలు పట్టీలు ఇవ్వండి. గంటకోసారి లేచి తిరగనివ్వండి. ఇంకోటి, నిరుడున్నవాళ్లంతా ఉండాలి. ఒక్క సీటు ఖాళీగా కనబడినా ఊరుకోడు."

"అంతేనా అమ్మా?"

"మేనేజరే కూర్చుని ఓ గంట కుడితే మరీ కరిగిపోతాడు."

"మీ రుణం ఎలా తీర్చుకోను?"

"రుణం ఏముందండీ. మీ ఇంట్లో కాచిన సారా బాగుంటుందట. బస్టాండు పక్క బేకరీలో నా పేరు చెప్పి ఓ సీసా ఉంచండి."

రదిసావ్ మురిసిపోయాడు. అన్నిటికంటే ముందు సీసా పంపాడు. తర్వాత వడ్రంగులు వచ్చారు, కొత్త కుర్చీలు వచ్చాయి. పళ్లు నూరుకుంటూనే వుకోసావకు కబురు పెట్టాడు. గురువారం దాటితే అన్నీ సర్దేయొచ్చని అతని ధైర్యం.

తిహోమిర్ వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మణికట్లు ఎంత వంగుతున్నాయో, మెడలు ఎంత వాలుతున్నాయో కొలుచుకుంటూ వెళ్లాడు. రదిసావ్ చొక్కా చేతులు మడిచి ఒక బూటు ముందు కూర్చున్నాడు. పట్టీ ఇవ్వబోతే వద్దన్నాడు. గంట తిరిగేసరికి వేలు చిట్లి దారం ఎర్రబడింది.

"మిమ్మల్నెవరు కుట్టమన్నారు?" అన్నాడు తిహోమిర్, వింతగా చూసి.

"మాకిది అలవాటే సార్," అన్నాడు రదిసావ్, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.

తిహోమిర్ దెసాంక దగ్గర ఆగాడు. "ఈ ఏర్పాట్లన్నీ ఎప్పటినుంచి ఉన్నాయమ్మా?"

"ఎప్పటినుంచో ఉన్నాయి సార్," అని రదిసావే అందుకున్నాడు.

సూదులన్నీ ఆగాయి. అందరూ దెసాంక వంకే చూశారు. వుకోసావ బల్ల కింద కాలితో పొడిచింది. అయినా దెసాంక బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"సంతోషం," అన్నాడు తిహోమిర్. "ఇవాళ చూసిందంతా ఒప్పందంలో రాస్తున్నాను. ఇక మీద చెప్పకుండా వస్తాం. ఒక్క కుర్చీ తగ్గినా, ఒక్క మనిషి తగ్గినా ఆర్డరు ఆగిపోతుంది."

రదిసావ్ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఇవన్నీ నిన్నా మొన్నా తెచ్చినవని ఎలా చెబుతాడు? తేలు కుట్టిన దొంగలా నిలబడి సంతకం చేశాడు. చిట్లిన వేలితో కలం సరిగ్గా పట్టుకోలేకపోయాడు.

షిఫ్టు అయ్యాక వుకోసావ దారి పొడుగునా సాధిస్తూనే ఉంది. "ఇన్నాళ్లూ పళ్లు కొరికావు కదే. ఆయన నీ ముందుకొచ్చి అడిగితే ఒక్క మాట అనలేకపోయావా?"

"వాడెప్పుడైనా నా గొంతు విన్నాడా?" అంది దెసాంక.

వుకోసావను బస్సెక్కించాక దెసాంక పక్కనున్న బేకరీలోకి వెళ్లి, "రుజిత్స పేరున ఒక సీసా ఉంచారట," అని అడిగి, ఎడమచేత్తో అందుకుంది.