ఎవరు ఏ వైపు

రేపు ఇమిగ్రేషన్ ఆఫీసులో మా ఇద్దర్నీ వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కలవకపోతే మాది దొంగపెళ్లి అంటారు. మా ఆయన్ని ఈ దేశంలో ఉండనివ్వరు. ఆ మహానుభావుడికేమో తన చెప్పులు ఎక్కడ విడిచాడో కూడా గుర్తుండదు.

అందుకే గిన్నెలు తోముతూనే, లైటార్పి పడుకున్న మనిషిని వంటింట్లోంచి అడుగుతున్నాను.

"నా బ్రష్ ఏ రంగు?"

"ఎర్రది. అరిగిపోయింది, మార్చరాదూ?"

"నిద్రలో నేనేం చేస్తాను?"

"పళ్లు కొరుకుతావు. కలొస్తే మీ అమ్మని పిలుస్తావు."

ఆ సంగతి నాకే తెలీదు. ఇంత ప్రేమగా ఎప్పుడు గమనించాడో! నా బంగారుకొండ అని మురిసిపోయాను.

"ఆఖరిది. మంచం మీద ఎవరు ఏ వైపు?"

"నువ్వు గోడ వైపు. మీ ఆయన తలుపు వైపు."

కుళాయి కట్టేశాను. అంతలో వీధి తలుపు తాళం తిరిగింది. మా ఆయన, చేతిలో ఇస్త్రీ చొక్కాతో.

"రేపటికి చొక్కా తెచ్చుకుందామని వెళ్లా. నీళ్ల చప్పుడులో నీకు వినపడలేదు. దారంతా వల్లె వేసుకుంటూనే వచ్చాను, చూడు. నీ బ్రష్ నీలం, అవునా?"

పడగ్గదిలోంచి, పరీక్ష హాల్లో పక్కవాడికి అందించినట్టు, గుసగుసగా వినిపించింది.

"ఎరుపు."