ఈ నాణెం ఎవరిది?

కానుకల పెట్టె కన్నం మీద ముసలాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ బిళ్ల ఎవరిది తల్లీ?"

"మా నాన్నది."

"అయితే నాన్ననే వెయ్యమను. నువ్వు నీది తెచ్చుకో."

ప్రార్థన మందిరం గుమ్మం పక్కన ఉంటుంది ఆ పెట్టె. దాని పక్కన స్టూలు మీద ప్రతివారం ముసలాయన కూర్చుంటాడు. ఆ రోజు వరసలో పాప వెనక ఆరుగురున్నారు.

పాపకు ఏడేళ్లు. ఇంట్లో పిడుగు అంటారు. అడ్డుకున్న చేతిని చూసి, తల తిప్పి తండ్రిని చూసింది.

తండ్రి తాళాలు బాగుచేస్తాడు. బజారు మలుపులో కొట్టు. వారం వారం గుమ్మంలో కూతురి చేతికి ఒక నాణెం ఇస్తాడు. ఆమె దాన్ని పెట్టెలో వేస్తుంది. పిల్లకు ఇవ్వడం నేర్పుతున్నానని అతని నమ్మకం.

"ఎవరు వేస్తే ఏంటండీ? పెట్టెకేమైనా తెలుస్తుందా?"

"పెట్టెకి తెలీదు నాయనా. పిల్లకి తెలుస్తుంది."

తండ్రి కూతురి చేతిలోంచి నాణెం తీసుకుని జేబులో వేసుకున్నాడు. ప్రార్థన అయ్యాక మందిరం కార్యదర్శిని పట్టుకున్నాడు.

"ఎవరండీ ఆయన? పెట్టెకి కాపలానా?"

"కాపలా ఏం కాదు. వస్తారు, కూర్చుంటారు."

"నా కళ్లముందే నలుగురు పిల్లల్ని తిప్పి పంపాడు. అసలీ పెట్టె డబ్బు ఎవరికి వెళ్తుంది?"

"ఏడాదికి ఒక ఇంటికి. గడవని ఇంటికి. ఏ ఇల్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఇక్కడి కట్టుబాటు అది."

"చూశారా మరి! ఆ ఇంటివాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడు ఈయన. తనదేం పోతుంది?"

కార్యదర్శి ఏదో చెప్పబోయి ఆగాడు.

"స్టూలు తీయించమంటారా?"

"తీయించండి."

ఇంటికొచ్చాక పిడుగు తల్లిని అడిగింది.

"అమ్మా, నాది అంటే ఏంటి?"

తల్లి బట్టలు మడతపెడుతోంది.

"నువ్వు పనిచేసి తెచ్చుకున్నది."

"నాన్నదంతా నాదే అన్నాడుగా నాన్న?"

"అయితే కొట్టు తాళంచెవి అడిగి చూడు."

తండ్రి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు బడి వదిలాక పిడుగు కొట్టుకు వెళ్లింది. మూలన రేకు డబ్బా నిండా పాత తాళంచెవులు. సైజు ప్రకారం విడదీసి కొక్కేలకు తగిలించాలి.

"ఎంతిస్తావు?"

"రెండు బిళ్లలు."

"నాలుగు. కొక్కేలు అందవు నాకు. కుర్చీ ఎక్కాలి. పడితే ఎవరిది పూచీ?"

"బేరంలో అచ్చం మీ అమ్మవే."

మూడుకు కుదిరింది. పని నాలుగు రోజులు పట్టింది. ఒకసారి పడింది కూడా. కానీ ఎవరికీ చెప్పలేదు.

తల్లి మూడు ఖాళీ డబ్బాలు కడిగి ఇచ్చింది.

"ఒకటి కొనుక్కోడానికి. ఒకటి దాచుకోడానికి. ఒకటి దేవుడికి. దేంట్లో ఎంత వేస్తావో నీ ఇష్టం."

పిడుగు మూడూ మొదటి డబ్బాలోనే వేసింది. రంగు పెన్సిళ్లు సరిగ్గా మూడు బిళ్లలు.

కాసేపటికి మళ్లీ వచ్చింది.

"దేవుడు ఏం కొనుక్కుంటాడమ్మా?"

"ఆయనకేం అక్కర్లేదు. లేనివాళ్లకి కావాలి."

"వాళ్లకి రంగు పెన్సిళ్లు ఉన్నాయా?"

"అన్నమే లేదంటే పెన్సిళ్లేంటే?"

పిడుగు ఒక నాణెం తీసి మూడో డబ్బాలో వేసింది. వెనక్కి తీసింది. మళ్లీ వేసింది.

"ఏడుపొస్తోందమ్మా."

"వస్తే రానీ. వెయ్యకపోయినా నిన్నెవరూ ఏమీ అనరు."

నాణెం మూడో డబ్బాలోనే ఉండిపోయింది.

వారం తిరిగింది. పిడుగు గుప్పిట బిగించుకుని మందిరానికి వచ్చింది. పెట్టె ఉంది. స్టూలు లేదు.

"తాత ఏడీ?"

"రాలేదు. వేసెయ్యి," అన్నాడు తండ్రి.

"వెయ్యను. తాత అడగాలిగా."

"అడక్కపోతే ఏం? నీదేగా?"

"నాదని ఎవరికీ చెప్పకుండా ఎలా వేస్తాను? కుర్చీ మీంచి పడ్డాను కూడా."

"ఎప్పుడు పడ్డావే?"

వెనక వరస పెరుగుతోంది. ఎవరో దగ్గారు. ఎవరో "కానివ్వండి బాబూ" అన్నారు. తండ్రి ఒక పక్కకు జరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూతురి గుప్పిట విప్పాడు.

"ఈ బిళ్ల ఎవరిది తల్లీ?"

"నాది."

"అయితే నువ్వే వెయ్యి."

నాణెం పడిన చప్పుడు వినేదాకా పిడుగు ఊపిరి తీసుకోలేదు. ఖాళీ అరచెయ్యి చూసుకుంది. తర్వాత నవ్వింది.

తండ్రి లేచి, జేబులోంచి నాణెం తీసి, తన చేత్తో తనే వేశాడు.

ప్రార్థన అయ్యాక కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు.

"ఆ స్టూలు మళ్లీ వేయించండి. తప్పు నాది. ఆయన్ని నేనే వెళ్లి పిలుచుకొస్తాను. ఇల్లెక్కడ?"

"నిన్ననే ఊరు వదిలారు. చెల్లెలు వచ్చి తీసుకెళ్లింది. ఇక రారు."

"నా మూలంగానా?"

"కాదు. ఆవిడ ఎప్పట్నుంచో రమ్మంటోంది. మీ మాట చెబితే నవ్వారు. పిల్లల్ని ఆ ఒక్క ముక్కా అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలన్నారు."

"నేను అడుగుతాను. వారం వారం నేనే కూర్చుంటాను. కానీ ఆయన్ని ఎంత మాట అన్నానండీ. ఎవరింటి కూడో లాగేస్తున్నాడని..."

కార్యదర్శి తలుపు దగ్గరగా వేశాడు.

"ఊరు వదిలారు కాబట్టి ఇక చెప్పొచ్చు. ఈ ఏడాది పెట్టె డబ్బు వెళ్లే ఇల్లు ఆయనదే."