గుట్ట లేని గీత

"నాకు ఇనబడతాదో లేదో నన్నడగాల గానీ, ఆ డబ్బానడగడం ఏటి?" అంది అసిరమ్మ, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

రబ్బరు బిరడా గిరిబాబు చేతిలోనే ఉండిపోయింది. నెహ్రూ నగర్‌లోని ఆ క్లినిక్కులో చెవి పరీక్షలు చేసేది అతనే. చెవిలో పెడితే నొప్పి పుడుతుందా అని అడిగినవాళ్లున్నారు గానీ, మిషన్నే ఇలా నిలదీసినవాళ్లు లేరు.

పక్కనే ఉన్న త్రినాథరావుకి ఒళ్లు మండింది. ఆయన రైల్వేలో లైను ఇన్‌స్పెక్టరు. బిల్హా వైపు పట్టాల మీద పనిచేసే గ్యాంగు ఆయన కింద ఉంది. ఎనిమిది మంది వంగి పనిచేసుకుంటుంటే, బండి వస్తోందని ఈల ఊది వాళ్లని పక్కకి తప్పించే పని అసిరమ్మది. ఆ ఈల ఆమె మెడలోంచి ఇవాళ తీయించి తీరాలని ఆయన పట్టుదల.

"నిన్న ట్రాలీ మీంచి నాలుగుసార్లు పిలిచాను గిరిబాబూ. ఒక్కసారన్నా పలికితే ఒట్టు!"

"నాలుగుసార్లూ పలికాను బాబూ."

"అబద్ధాలకేం తక్కువ లేదు. రేపు బండి కూత దీనికి వినబడక ఎనిమిది ప్రాణాలు పోతే, జవాబు చెప్పుకోవలసింది నేను."

ఆయనది ఉత్త కోపం కాదు, భయం కూడా. అది గిరిబాబుకి అర్థమైంది. అందుకే అసిరమ్మకి నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. "చూడమ్మా, చెవి లోపల పలచటి పొర ఉంటుంది. దాని వెనక మూడు చిట్టి ఎముకలు. చప్పుడు వాటిని దాటి లోపలికి పోతోందా, మధ్యలోనే ఆగిపోతోందా అని ఈ మిషను కొలుస్తుంది. నువ్వు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు."

"మాటాడొద్దంటే నాకు మరీ అనుమానం."

"అరే, దీన్తో బేరాలేటి!" అని త్రినాథరావు తనే స్టూలు మీద కూర్చున్నాడు. "ఇదిగో, నా చెవిలో పెట్టు గిరిబాబూ. కరుస్తుందో లేదో దీన్నే చూడనీ." రెండు చెవుల్లోనూ పెట్టించుకుని లేచాడు. "బస్. అయిపోయింది. ఏమన్నా అయిందా నాకు? కూర్చో."

అసిరమ్మ కూర్చుంది. బిరడా పెట్టించుకోవడం కన్నా నోరు మూసుకుని కూర్చోవడమే ఆమెకి కష్టమైంది.

మిషను ఇద్దరి గీతలూ ఉన్న కాగితం కక్కింది. గిరిబాబు దాన్ని రెండు చీటీలుగా చింపి, ఒక చీటీ మీద అసిరమ్మ పేరు రాసి, రెండోదాన్ని చెత్తబుట్టలో పడేశాడు.

"చప్పుడు బాగా దాటుతుంటే ఈ గీత గుట్టలా లేవాలి సార్. ఇది చదునుగా పోయింది. రెండు చెవులూ అంతే."

"అచ్ఛా! నేను చెప్పలే?" త్రినాథరావు జేబులోంచి మడత కాగితం తీశాడు. ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్నాడు. "చెవులు పనికిరావని ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టు. సాయంత్రానికి కొత్త రైల్వే జోను ఆఫీసులో ఇచ్చేయాలి. నీకు అక్కడే కుండల్లో నీళ్లు నింపే పని ఇప్పిస్తాను. నీడపట్టున హాయిగా ఉంటావు."

"నాకు నీడొద్దు." ఆమె కలం ముట్టుకోలేదు. "నా ఈల మీద నమ్మకంతో ఆ ఎనమండుగురూ తలొంచుకుని పన్జేత్తన్నారు. నాకు ఇనబడదని నానన్నా సెప్పాల, ఆల్లన్నా సెప్పాల. గీత సెప్తే నానొప్పుకోను."

"మిషను కన్నా నీకెక్కువ తెలుసా?"

"అంత గొప్ప మిషనైతే మల్లీ అదే మాట సెప్తాది గదా? మల్లీ ఎట్టండి. నా కల్ల ముందర."

"కుదరదు. సంతకం పెట్టు."

"పెట్టను. సెయ్యి పట్టుకుని రాయించినా ఆ సంతకం నాది కాదు."

త్రినాథరావు విసుక్కుంటూ వెళ్లి, గదికి ఆ చివర కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. "సరే, దాని సరదా కూడా తీర్చేయ్ గిరిబాబూ. నాకు టైము లేదు."

గిరిబాబు మళ్లీ బిరడా పెట్టాడు. అసిరమ్మ రెప్ప వెయ్యకుండా కాగితాన్నే చూస్తోంది. గీత బయల్దేరింది, పైకి లేచింది, నిక్షేపంగా గుట్టలా తిరిగి దిగింది. రెండో చెవిదీ అంతే. గిరిబాబు నమ్మలేక తనంతట తనే మరోసారి పెట్టాడు. మళ్లీ గుట్టే.

అతను చెత్తబుట్టలో చెయ్యి పెట్టి, ఇందాక పారేసిన చీటీ వెతికి తీశాడు. దాని మీదా అవే గుట్టలు. అతని మొహం పాలిపోయింది. చీటీల మీద మిషను పేర్లు వెయ్యదు, మనిషే రాసుకోవాలి. చదును గీత కంటబడగానే అది అసిరమ్మదే అయ్యుంటుందనుకున్నాడు. గ్యాంగు మనిషీ, ఇన్‌స్పెక్టరూ ఎదురుగా ఉంటే పాడు చెవి ఎవరిదై ఉంటుందోనన్న అనుమానమే అతనికి రాలేదు. తన మీద తనకే సిగ్గేసింది.

"సార్, పొరపాటైపోయింది" అన్నాడు మామూలు గొంతుతో. "ఆ గుట్ట లేని గీత మీది."

అసిరమ్మ కిటికీ వైపు చూసింది. గిరిబాబు ఇంకోసారి చెప్పాడు. "సార్, చెవులు బాగోలేనిది మీకు."

త్రినాథరావు కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు. "ఏటయ్యా గిరిబాబూ, ఉలుకూ పలుకూ లేదు, ఇంతకీ అది సంతకం పెట్టిందా లేదా?"