ఎలుగు వంతు

కొండమీద పళ్ళచెట్లు పోయాక ఉద్దానంలో ఎలుగుబంట్లకు ఇళ్ళలో పెంచే తేనెటీగల తేనే దిక్కయింది. ప్రతి ఎలుగు మెడకూ పట్టీ కట్టారు, ప్రతి పెరటికీ కరెంటు కంచె వేశారు. పొలానికి నీటి వంతు వచ్చినట్టే ఇంటికి ఎలుగు వంతు వస్తుంది. ఆ సాయంత్రం ఆ ఇంటి కంచె తెరుచుకుంటుంది. ఒక తేనెపెట్టె బయట పెడితే, ఎలుగు తిని, మిగతావాటిని వదిలి పోతుంది.

ఆ రోజు వంతు దమయంతిది. ఏ ఎలుగు వస్తుందో ఫోన్‌లో చూసి పొరుగింటి నీలవేణి పరుగున వచ్చింది.

"ఒదినా, ఈయేల వొస్తున్నది అన్నయ్యని సంపిన ఎలుగే. నీ కంచె తియ్యొద్దని ఫోన్ సేసి సెప్పు. మా పెరట్లోకే వొస్తాది, రానీ."

"నీ మనవడు ఇంకా పాకుతన్నాడే. నాకాడికే రానీ."

"నీకేటీ అనిపించట్లేదా?"

"ఏటీ లేదే."

దమయంతి ఒక పెట్టె మోసుకొచ్చి పెరటి మధ్య పెట్టి, గుమ్మంలో నిలబడింది. ఎలుగు వచ్చి మూత పీకి తేనెపట్టు నమలసాగింది. తన భర్త లోకనాథాన్ని చంపిన మూతి అదే. చూస్తే కోపం వస్తుందనుకుంది, భయమైనా వేస్తుందనుకుంది. ఏదీ రాలేదు.

పెట్టెను నాకి ఖాళీ చేసి, ఎలుగు మిగతా పెట్టెలకేసి తలెత్తింది.

"సాల్లే. రేపటికి ఉండనీ," అంది దమయంతి.

ఎలుగు వెళ్ళిపోయింది. కంచె మూసుకుంది. మారు వడ్డించమన్నప్పుడల్లా లోకనాథంతో తను అనే మాట అదేనని ఆమెకు అప్పుడు తట్టింది.

గూడు పోయిన తేనెటీగలు గోడను కరుచుకుని ఉన్నాయి. వాటిని చేత్తోనే తీసి కొత్త పెట్టెలో వెయ్యసాగింది. కుడుతున్నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.