బ్రేకుల జయరాముడు

బయ్యన్న పాత డీజిల్ కారు షెడ్డులోంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, ఎదుటి టార్పాలిన్ పట్ట కింద ఆగింది.

జయరాముడి కడుపు భగ్గుమంది.

రాప్తాడు హైవే పక్కన ఏళ్ళ తరబడి షెడ్డు నడుపుతున్న మెకానిక్కు అతను. ఏడాది కిందట మడకశిర నుంచి ఆంజినప్ప అనేవాడు డబ్బాడు పానాలతో దిగి, ఎదురుగా ప్రతాప్ అనే ఆసామి ఖాళీ స్థలంలో పట్ట కట్టుకుని ఇంజను పని మొదలుపెట్టాడు. ఆ పొద్దు నుంచి జయరాముడికి తిన్నది ఒంటబట్టలేదు. అమావాస్యకు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, దాని మీద గీసిన రాక్షసుడి ముఖాన్ని సరిగ్గా ఆంజినప్ప వైపు తిప్పి పెట్టాడు.

అయితే ఈ ఏడాదిలోనే జయరాముడి పేరు కూడా పాకింది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, "బ్రేకుల జయరాముడంటే నువ్వేనా అన్నా?" అని అడుగుతున్నారు. అందులో సగం బండ్లు ఎదుటి పట్ట దగ్గర ఆగి వచ్చినవే. ఆంజినప్పకు చేతకాకే ఇటు వస్తున్నాయని జయరాముడు మీసం మెలేసుకునేవాడు.

ఇప్పుడు తన దగ్గరి బండే అటు పోయింది.

బయ్యన్నది నల్లమాడ. కారుకు రెండు రోగాలు. మిట్ట ఎక్కమంటే లాగదు. బ్రేకు తొక్కితే బండను తొక్కినట్టు ఉంటుంది. జయరాముడు మొదటిదానికి డీజిల్ ఫిల్టర్ మార్చాడు. రెండోదానికి చక్రాలు విప్పి కొత్త ప్యాడ్లు వేశాడు. రోగాలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆంజినప్ప పానా ముట్టుకోలేదు. ఇంజను ఆడుతుండగా బానెట్ కింద తల పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత ఒకచోట వేలు అదిమి పట్టాడు. లోపల కూర్చున్న బయ్యన్న బ్రేకు తొక్కి నవ్వాడు.

ఆ నవ్వు రోడ్డు ఇవతలికి కూడా కనిపించింది.

కాసేపటికి బయ్యన్న తిరిగొచ్చాడు.

"రెండు రోగాలు కాదప్పా, ఒకటే. గాలి పీల్చే సన్న పైపు చీలిండాది. బ్రేకు మెత్తగా దిగాలన్నా, టర్బో పని చేయాలన్నా ఆ పీలుపే కావాలంట. పైపు మార్చినాడు, బండి గుర్రం మాదిరి పోతాండాది."

జయరాముడు పానాలు డబ్బాలో పడేయసాగాడు.

"నీ బ్రేకు పని మాత్రం బంగారమన్నాడప్పా. ఆయన్న చెయ్యి పడినాక నేను చక్రం ఇప్పి చూడాల్సిన పనే లేదన్నాడు."

పుండు మీద కారం చల్లినట్టయింది జయరాముడికి. గెలిచినవాడు ఓడినవాణ్ణి పొగిడితే అది ఎగతాళి కాక మరేమిటి?

ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర ప్రతాప్ కనిపించాడు.

"నేను చూసినప్పుడు బయ్యన్న కారులో ఆ పైపు బాగుండెనప్పా" అన్నాడు జయరాముడు. "వాడే కోసి, వాడే మార్చినాడు. రేపు ఎవురి బండికన్నా ఏమన్నా అయితే నీ స్థలం పేరే చెప్తారు."

అబద్ధమని చెబుతున్నప్పుడే తెలుసు. అయినా ఆగలేదు.

ప్రతాప్ గ్లాసు కింద పెట్టాడు. "ఊరుగాని ఊరోడితో మనకెందుకన్నా తకరారు. ఖాళీ చేయమంటాలే."

ఆంజినప్ప వాదించలేదు. మర్నాడు పట్ట విప్పి, మోపెడ్ వెనక పానాల డబ్బా కట్టుకుని, రోడ్డు దాటి వచ్చాడు.

"పోతాండానన్నా. శుక్రారం కదిరి జీపొకటి వస్తాది. వెనక బ్రేకు పట్టేస్తాండాది. రవంత చూడు."

వాడి ఎంగిలి నాకా అనుకుని జయరాముడు ముఖం తిప్పుకున్నాడు.

ఆ పూట ఇంకో సంగటి ముద్ద అడిగి మరీ తిన్నాడు.

శుక్రవారం కదిరి జీపు వచ్చింది. ఎదుటి ఖాళీ స్థలం ముందు కాసేపు ఆగి, అట్లే వెళ్ళిపోయింది.

ఇద్దరి బేరం ఇక తన ఒక్కడికే అనుకున్నాడు జయరాముడు. ఉన్న బేరమూ పోయింది. వారాలు గడిచాయి. పట్ట ఉన్న చోట దుమ్ము సుడి తిరుగుతోంది. వానల్లేవు, రైతు బండి బయటికి తీస్తే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. బ్రేకుల జయరాముడు నువ్వేనా అని అడిగే మనిషే లేడు.

ఒక పొద్దున పాత కారొకటి వచ్చి ఆగింది. ఒకామె దిగింది.

"బ్రేకుల జయరాముడన్న నువ్వేనా?"

జయరాముడికి ప్రాణం లేచొచ్చింది. "నేనేమ్మా. యాడినుంచి?"

"మడకశిర. నా పేరు ఎస్తేరు. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకే లాగుతాండాది."

"మడకశిరలో బ్రేకులు చూసేటోళ్ళు లేరా, ఇంత దూరం వచ్చినావు?"

"లేకేమన్నా. మా ఇంజను బాగుచేసినాయన ఒప్పుకోలేదు. బ్రేకంటే ప్రాణంతో పని, రాప్తాడుకే పో అన్నాడు. రోడ్డు వైపు చూసే రాక్షసుడి గుమ్మడికాయ ఉంటాది, అదే గుర్తన్నాడు."

జయరాముడు పానా కింద పెట్టాడు. "ఎవురాయన?"

ఆమె కొంచెం తటపటాయించింది. "పేరు చెప్పొద్దన్నాడు. తన మీద కోపంతో నువ్వు నా బండి చూడవేమో అన్నాడు. ఆంజినప్పన్న."

ఎదురుగా ఖాళీ స్థలం. గుమ్మం మీద రాక్షసుడు ఇంకా అటే కళ్ళురుముతున్నాడు. జయరాముడు తల ఎత్తలేకపోయాడు.

ఎస్తేరు తాళాలు అతని చేతిలో పెడుతూ అంది.

"ఆ గుమ్మడికాయ లేకుంటే నిన్ను కనుక్కునేదాన్నే కాదన్నా. ఊర్లో అందరినీ అడిగినా. బ్రేకుల జయరాముడనే పేరు ఆంజినప్పన్న నోట తప్ప ఈడ ఎవురి నోటా వినలేదు."