ఆడి కృత్తిక నాటి పటం

“అక్కా, ఇది ఎనబై ఒకటిలో తీసినది కాదు. ఆ తరవాతది,” అన్నాడు దేవా, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఇంద్రాణికి ఒళ్లు మండింది. “ఏం మాట్లాడతావబ్బా! ఎనబై ఒకటి దీపావళికే మా నాయన పోయినాడు. పోయినోడు నన్ను భుజాన ఎట్ల ఎత్తుకుంటాడు?”

తిరువళ్లూరులో దేవాది చిన్న ఫోటో స్టూడియో. అంగడి బోర్డులూ సినిమా పోస్టర్లూ చూసి పాత బజారు ఫోటోలు ఏ ఏటివో తేల్చడం అతనికి ఒక పిచ్చి. పటం పెద్దది చేయించి, కింద సంవత్సరం వేయించుకుందామని ఇంద్రాణి తిరుత్తణి నుంచి వచ్చింది. నాయన పోయాక తనను పెంచిన చిన్నాయన ఎలుమలై తోడు వచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. రేపు నాయన తిథి. ఏటా లాగే ఈ ఏడూ పటానికి దండ ఆయనే కొన్నాడు.

పటం నిండా తిరుత్తణి మురుగన్ ఆడి కృత్తిక తిరునాళ్ల జనం. మధ్యలో గుండుకి గంధం పూసుకున్న మనిషి, అతని భుజాల మీద గుండు పాప. పాప చేతులు అతని కళ్లూ ముక్కూ మూసేశాయి. ఆ పటం చూస్తే చాలు, ఇంద్రాణి ఎక్కడికో తేలిపోతుంది. అరచేతుల కింద చల్లటి గంధం. ఎక్కడో అడుగున డప్పుల మోత. కళ్ల ముందు ఊగుతూ పోయే కావళ్ల నెమలి ఈకలు. తాను గాలిలో నడుస్తున్నట్టే ఉంటుంది. నాయన గురించి ఆమెకు మిగిలిన జ్ఞాపకం అదొక్కటే.

“గోడ మీద పోస్టర్ చూడు. ఆ సినిమా ఎనబై ఒకటిదే అని నువ్వే గదా చెప్పినావు!”

“సినిమా అప్పటిదే అక్కా. కానీ అది మురుగన్ సినిమా. మీ తిరుత్తణి టాకీసులో ప్రతి ఆడి కృత్తికకూ అదే తెచ్చి ఆడిస్తా ఉండినారు. నేనూ ముందు బోల్తా పడినాను. దాని పక్కన బోర్డు చూడు, దండపాణి పాత్రల కడై. ఆ అంగడి తెరిచిన నాడు ఫోటో తీసింది మా నాయనే. వెనకాల తేదీ ఏసిపెట్టినాడు. ఎనబై రెండు, తై నెల, సంక్రాంతి అప్పుడు.”

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇంద్రాణి అంత సులువుగా వదిలే మనిషి కాదు. “బోర్డు ముందుగానే రాయించి పెట్టుకునింటారు!”

“తెరవని కడైలో బిందెలు ఎవురు అమ్ముతారక్కా?”

నిజమే. బోర్డు కింద ఒకామె బిందెను తట్టి చూస్తోంది. చిల్లు ఉందేమోనని చెవి కూడా పెట్టింది.

ఇంద్రాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. అరచేతుల కింది గంధం ఒక్కసారిగా ఎండిపోయినట్టు అనిపించింది. “అట్లయితే నన్ను ఎత్తుకునింది ఎవురు దేవా?”

“మొకం తెలీదు. చెయ్యి చూస్తాం ఉండు.”

పాప కాలు పట్టుకున్న చేతిని అతను పెద్దది చేశాడు. మసకమసకగా ఆ చెయ్యి తెరంతా పరుచుకుంది. ఉంగరపు వేలు సగమే ఉంది.

ఇంద్రాణి లేచి గబగబా బయటికి వచ్చింది.

“అయిపాయనా పాపా? మీ నాయన బాగా వచ్చినాడా?” అంటూ ఎలుమలై దండ పొట్లం ఆమెకు అందించబోయాడు. ఆ చేతికీ ఉంగరపు వేలు సగమే.

ఆమె పొట్లం అందుకోలేదు, ఆ చేతినే పట్టుకుంది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. “బతికుండే మనిషి పటానికి దండ ఏస్తే అరిష్టం గదా చిన్నాయనా! ఇన్నేండ్లూ నీ చేత్తోనే కొనుక్కొచ్చి, నా చేత ఏయించినావే!”

ఎలుమలై తప్పు చేసి దొరికిపోయినవాడిలా తల వంచుకున్నాడు.

“నాయన యాడ, నాయన యాడ అని ఒకటే ఏడుపు ఏడ్సినావు పాపా. ఇంట్లో ఉండింది ఆ ఒక్క పటమే.”