మంచం కింది నీళ్ళు

మంచం కింద వరసగా నీళ్ళ సీసాలు. అన్నిటికీ మూతలు బిగించి ఉన్నాయి.

కొళాయి చివరిసారి వచ్చిన రోజున డ్రైవరు భార్య పట్టి పెట్టినవి అవి. ఆ మర్నాడే ఆవిడ పోయింది. బట్టలు మడతపెడుతూ మడతపెడుతూ గోడకి చేరగిలబడిందట, అంతే. ఆయన అప్పుడు బస్సు మీద ఉన్నాడు.

మళ్ళీ కొళాయి రాలేదు.

డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. స్టాపు వస్తే ఆపుతున్నాడు, గంట కొడితే కదుపుతున్నాడు. ఏడుపు రావట్లేదేమిటా అని ఆయనకే వింతగా ఉంది.

తాగడానికి క్యాన్లు కొంటున్నాడు. స్నానానికి ట్యాంకరు దగ్గర బకెట్టు పట్టుకుని, అందరితోపాటు తోసుకుంటూ నిలబడుతున్నాడు. మంచం కింద మాత్రం చెయ్యి పెట్టట్లేదు.

తోడుగా ఉండటానికొచ్చిన చెల్లెలు ఒకరోజు వంటకని అందులోంచి ఓ సీసా లాగింది.

"అది ముట్టుకోకు," అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అయినా ఆ పిల్ల సీసాని నిద్రపోతున్న పసిపాపని దించినట్టు దించి, మళ్ళీ లోపలికి జరిపేసింది. వదిన చేత్తో పట్టిన నీళ్ళు ఈ ఇంట్లో ఇక అవే కదా అని అప్పుడు తట్టింది తనకి.

బాల్కనీలో ఇంకో బస్తా ఉంది. అదీ ఆవిడదే. మాత్రల డబ్బాలు, షాంపూ సీసాలు, నూనె సీసాలు. పాత ప్లాస్టిక్‌ని కరిగించి మళ్ళీ వాడేందుకు పట్టుకెళ్ళే బండి నెలకోసారి వస్తుంది, దానికి వాటిని కడిగి ఇవ్వాలి. కడగనివి బండివాడు ముట్టుకోడు. అవి మామూలు చెత్తలో కలిసిపోయి, ఊరి బయట గుట్టలో తగలబడతాయి.

ఇంత కరువులోనూ ఆవిడ ఆ పని మానలేదు.

"నీళ్ళే లేక ఛస్తుంటే ప్లాస్టిక్‌కి స్నానాలేంటే?" అని ఆయన ఎన్నిసార్లు వెక్కిరించాడో లెక్కలేదు.

వాదన పెట్టుకునే మనిషి కాదావిడ. చెంబుడు నీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చునేది. బాగా శుభ్రంగా ఉన్నదాంట్లో ముందు పోసి, మూతపెట్టి ఆడించి, ఆ నీళ్ళే రెండోదాంట్లోకి, అక్కణ్ణించి మూడోదాంట్లోకి వంచేది. నూనె సీసాల వంతు ఆఖర్న. ఆ మిగిలిన మురికినీళ్ళు కూడా పారబొయ్యదు, మరుగుదొడ్డికి పనికొస్తాయని దాచేది.

బండి వచ్చే రోజు పొద్దున్నే చెల్లెలు బస్తా ఎత్తింది. చీమలు పట్టేశాయి, మామూలు చెత్తలో వేసేసి వస్తానంది.

ఆయన చెయ్యి చాచి బస్తా అంచు పట్టుకున్నాడు.

"నీళ్ళే లేవు కదన్నయ్యా. ఇప్పుడు ప్లాస్టిక్‌కి స్నానాలేంటి?"

అచ్చం తన మాటే. ఈ ఇంటికి వచ్చిపోతూ తన నోటే విని ఉంటుంది.

ఆయన లేచాడు. వంగి, మంచం కిందనుంచి ఒక సీసా తీశాడు.

మూత రాలేదు. ఆవిడ బిగిస్తే అంతే మరి, పట్టకారు కావాలి. మూత పెట్టావా, నా మీద పగ తీర్చుకున్నావా అనేవాడు. ఇప్పుడు చొక్కా అంచు చుట్టి, పళ్ళు బిగించి తిప్పాడు.

టక్కుమని వచ్చేసింది. రాకపోయినా బాగుండేదనిపించింది.

బాల్కనీలో చతికిలబడి, చేతికి ముందు తగిలినదాంట్లో నీళ్ళు పోసి ఆడించాడు.

అది నూనె సీసా.

నీళ్ళన్నీ జిడ్డు తేలిపోయాయి. ఇక ఇంకో సీసాకి పనికిరావు. ఇన్నేళ్ళూ ఆవిడ కడగడం చూస్తూ వెక్కిరించాడు గానీ, ఏది ముందో ఏది వెనకో ఒక్కనాడూ చూడలేదు.

వదిలెయ్యమని చెల్లెలు గుమ్మంలోంచి బతిమాలింది.

వెళ్ళి రెండో సీసా తెచ్చాడు. ఈసారి మాత్రల డబ్బాతో మొదలుపెట్టాడు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వంచబోతే సగం నేలపాలు. ఇంకోటి తెచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి. ఆవిడకి ఒక్క చెంబుతో అయిపోయే పనికి ఆయనకి మంచం కింది వరసంతా పట్టింది. ఒక్క సీసా మిగిలింది.

ఖాళీ సీసాలన్నీ చెల్లెలు కొళాయి దగ్గర పేర్చింది, ఎప్పుడైనా వస్తే పట్టడానికి.

బండి వచ్చింది. బండివాడు బస్తా విప్పి, ఓ సీసాని వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఈ కరువులో ఎవరూ కడగట్లేదు సార్. ఇవాళ బండి మొత్తంలో కడిగినవి మీ ఇంటివే. అక్కకి చెప్పండి."

చెల్లెలు ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"చెప్తాను," అన్నాడు.

బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుని, మిగిలిన సీసాని దగ్గరికి లాక్కున్నాడు. మూత జోలికి పోలేదు.

"బండివాడు నీకు చెప్పమన్నాడు," అని మొదలుపెట్టాడు.